సీటు మీద చెక్కిన పేరు

ప్రశ్న:

అక్కా, నాకు 26 ఏళ్ళు. తుల్సాలో ఉద్యోగం, హెచ్-1బీ మీద ఉన్నాను. నన్ను ‘నువ్వు’ అనే రాయండి, ‘మీరు’ అంటే ఆఫీసు మెయిల్ చదువుతున్నట్టుంటుంది. బీటెక్ రెండో ఏడు నుంచి ఒకతన్ని ప్రేమించాను. అతను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. మాఘంలో నిశ్చితార్థం పెట్టుకుందామని రెండిళ్ళలోనూ అనుకున్నారు. రెండు నెలల క్రితం అతని టాబ్లెట్‌లో వేరే అమ్మాయితో నడిచిన మెసేజీలు చూశాను. ఏడాదిగా నడుస్తోంది. నేనొకదాన్ని ఉన్నానని ఆ అమ్మాయికి తెలీదు, అది కూడా మెసేజీల్లోనే అర్థమైంది. అతన్ని ఇంతవరకూ ఏమీ అడగలేదు. పని ఎక్కువగా ఉందని చెప్పి ఫోన్లు తగ్గించాను, అంతే.

అప్పటినుంచి కారెక్కితే ఒకటే పాట. క్యారీ అండర్‌వుడ్ పాడిన ‘బిఫోర్ హీ చీట్స్’. పోయిన శనివారం రాత్రి అది వింటూ వింటూ మస్కోగీ మీదుగా ఇర్వింగ్ దాకా వెళ్ళిపోయాను. పార్కింగ్‌లో అతని కారు పక్కన తాళంచెవి చేతిలో పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఆ కారు లోనుకి పూచీగా కో-సైన్ చేసింది నేనే. ఎవరో కుక్కని తిప్పుతూ అటు వచ్చేసరికి వెనక్కి తిరిగి వచ్చేశాను. ఒక్క గీత కూడా గీయలేదు. పిరికిదాన్నేమో అని రోజూ అనిపిస్తోంది. అమ్మ వీడియో కాల్‌లో ఆ పాట విని ‘ఎప్పుడూ ఆ అరుపులేనా, ఛీ’ అంటుంది. అమ్మకి ఏ సంగతీ తెలీదు. ఈ పాట నాకు మంచి చేస్తోందా, చెడు చేస్తోందా? ఆ అమ్మాయికి ఫోన్ చేసి కడిగేయాలా?

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం చదివాక రాత్రి వంటిల్లు సర్దుకుని, లైటు ఆర్పేసి ఆ పాట మళ్ళీ విన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నువ్వు రెండు నెలలుగా దేన్ని పట్టుకుని వేలాడుతున్నావో తెలియకుండా జవాబు రాయకూడదనిపించింది.

ముందు ఆ పిరికితనం మాట. ఒంటరిగా అంత దూరం నడిపి, చెయ్యాలనుకున్నది చేతికి అందేంత దగ్గరగా వెళ్ళి, చెయ్యకుండా తిరిగొచ్చావు. కుక్కని తిప్పే మనిషి దాటిపోయాక నీకు మళ్ళీ రాత్రంతా ఉంది, మళ్ళీ వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. తెల్లవారుజామున అలసిపోయిన కళ్ళతో క్షేమంగా ఇల్లు చేరావు. ఆ పిల్లని పిరికిది అంటే నేనొప్పుకోను.

ఆ రాత్రి నువ్వు వెళ్ళిన దారి గురించి ఒక మాట చెప్పాలి. మస్కోగీ మీదుగా టెక్సస్ వైపు దిగే యూఎస్ 69 చెకోటా అనే చిన్న ఊరిని ఆనుకుని పోతుంది. క్యారీ పుట్టింది 1983లో మస్కోగీలో, పెరిగింది ఆ చెకోటాలో. అంటే ఆ పాట పాడిన మనిషి సొంతూరు పక్కనుంచే, ఆమె గొంతు వింటూ, చీకట్లో వెళ్ళావు. చెకోటా నుంచి వచ్చిన ఆ పిల్ల 2005లో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ గెలిచేనాటికి 22 ఏళ్ళది. అదే ఏడాది నవంబరులో మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో ముందు మోగిపోయిన పాట ‘జీసస్, టేక్ ద వీల్’. క్రిస్మస్ ముందు రోజు, వెనక సీట్లో పసిబిడ్డ, రోడ్డు మీద మంచు, కారు జారిపోతుంటే ఒక తల్లి స్టీరింగు వదిలేసి ‘నువ్వే పట్టుకో దేవుడా’ అని మొక్కుకునే పాట. మరుసటి ఏడాది అదే ఆల్బమ్ నుంచి సింగిల్‌గా వచ్చింది నీ పాట. మొదటి పాటలో కారు వదిలేసి దణ్ణం పెట్టుకున్న గొంతే, రెండో పాటలో బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. చర్చికి వెళ్ళే పద్ధతైన అమ్మాయి అని పేరు పడ్డ గాయని నోట ఆ కోపం వినేసరికి జనం ఉలిక్కిపడ్డారు, వదల్లేకపోయారు. కంట్రీ అనే అమెరికా పల్లెబాణీ పాటల పట్టికలో అది ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అన్ని రకాల పాటలూ కలిసే బిల్‌బోర్డ్ హాట్ 100లో 8వ స్థానం దాకా వెళ్ళి, మొత్తం 64 వారాలు ఉండిపోయింది. ఏడాది దాటిపోయింది చూడు. ఒక పాటని ఏడాదికి పైగా జనం పట్టుకుని ఉన్నారంటే నీలాగా రాత్రిపూట కారులో ఒంటరిగా విన్నవాళ్ళు ఎంతమందో.

ఇప్పుడు పాటలోకి రా. ఈసారి డ్రమ్ములు పెరిగే చోటు కోసం ఎదురుచూడకుండా మొదటి చరణం మాత్రం విను. గొంతు కింది స్థాయిలో ఉంటుంది, దాదాపు తనలో తను గొణుక్కుంటున్నట్టు. ‘ఈ క్షణాన’ అని మొదలుపెడుతుంది, ‘బహుశా’ అంటుంది. ఈ క్షణాన బహుశా దాన్ని పట్టుకుని మెల్లగా డాన్సు చేస్తున్నాడు. ఈ క్షణాన బహుశా దానికి తియ్యటి మందేదో కొనిపెడుతున్నాడు. రెండో చరణంలోనూ అంతే, ఆ అమ్మాయి బహుశా మైకు పట్టుకుని కారియోకీ పాడుతోంది, అతను బహుశా బాత్రూంలో మూడు డాలర్ల సెంటు పూసుకుంటున్నాడు. చరణమంతా బహుశాలే. పాడే మనిషి బారులోకి వెళ్ళలేదు, అతన్ని చూడలేదు, అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. బయట చీకట్లో నిలబడి లోపల ఏం జరుగుతోందో ఒక్కొక్కటే ఊహించుకుంటోంది. ఆ ఊహే ఆమెని కాలుస్తోంది. నీ రెండు నెలలూ అలాగే గడవలేదూ? ‘ఇప్పుడు భోజనానికి వెళ్ళుంటారు, ఇప్పుడు సినిమాలో ఉంటారు’ అని. ఆ పాట నీకు అంతగా అతుక్కోవడానికి కారణం కారు ధ్వంసం కాదనుకుంటాను. ఆ ‘బహుశా’.

తర్వాత పల్లవి. తాళంచెవితో కారు పక్కంతా గీస్తుంది, లూయీవిల్ స్లగ్గర్ బ్యాటుతో రెండు హెడ్‌లైట్లూ పగలగొడుతుంది, నాలుగు టైర్లూ కోస్తుంది. వీటి మధ్యలో ఒకటుంది, అందరూ దాన్ని మిగతావాటితో కలిపి పాడేసుకుంటూ వెళ్ళిపోతారు గానీ నాకు పాటంతా అక్కడే ఉందనిపిస్తుంది. లోపలి తోలు సీట్ల మీద తన పేరు చెక్కుతుంది. ఎవరో చేసిన పని అని వదిలేసి పారిపోదు, ఇది చేసింది నేను అని చెప్పి పోతుంది. అతను తలుపు తీసి కూర్చోబోయేసరికి ఆమె పేరు కనబడాలి. ‘నేనొకదాన్ని ఉన్నాను, నాకు తెలిసిపోయింది’ అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు, తాళంచెవి దొరికింది.

తల్లీ, ఆ కారు మీద నీ పేరు ఇదివరకే ఉంది. లోను కాగితాల మీద నీ సంతకంతో ఉంది. అతనికి క్రెడిట్ హిస్టరీ సరిపోకపోతే నీ పేరు తాకట్టు పెట్టి కొనిపెట్టావు. నువ్వు గీయబోయిన గీత నీ సొమ్ము మీద నువ్వు గీసుకునేది. ఇది అర్థమయ్యాక నాకు నీ మీద కోపం రాలేదు, కడుపు తరుక్కుపోయింది.

ఇక పాటలో లేని భాగం. టెక్సస్‌లో ఇతరుల ఆస్తి కావాలని పాడుచేస్తే క్రిమినల్ మిస్చీఫ్ అంటారు. నష్టం 2,500 డాలర్లు దాటితే అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం లెక్కలోకి పోతుంది, 180 రోజుల నుంచి రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఆ పాటలోని కారుకి రెండు లైట్లు, నాలుగు టైర్లు, తోలు సీట్లు, ఒక పక్క పెయింటు కలిపి లెక్కేసుకో, ఆ 2,500 హద్దు ఎక్కడో వెనకే ఉండిపోతుంది. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు తర్వాత కొట్టేసినా ఆ ప్రశ్నకి జవాబు అవుననే. అతను చేసిన తప్పు ఏ ఫారంలోనూ ఎవరూ అడగరు. నీది మాత్రం స్టాంపింగ్‌కి వెళ్ళే ప్రతిసారీ అడుగుతారు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, మళ్ళీ ఒక శనివారం రాత్రి వస్తుందని రాస్తున్నాను.

మీ అమ్మగారు ‘ఛీ’ అన్న మాటకి వద్దాం. ఆవిడ అన్నది అరుపుల గురించి. పాటలో సంగతి తెలిస్తే అంత కొత్తగా అనిపించకపోవచ్చు. మన అలంకార శాస్త్రంలో ఎనిమిది రకాల నాయికల్లో ఒకామెకి ‘ఖండిత’ అని పేరు. ప్రియుడు రాత్రంతా వేరొకతె దగ్గర గడిపి, ఆ గుర్తులు ఒంటి మీద అలాగే పెట్టుకుని తెల్లారి గుమ్మంలోకి వస్తే, నిలబెట్టి అడిగే ఆడది. 17వ శతాబ్దంలో మువ్వ క్షేత్రయ్య పదాల నిండా ఈమే ఉంటుంది. పారిజాత పువ్వు రుక్మిణికి ఇచ్చాడన్న కోపానికి సత్యభామ సాక్షాత్తూ కృష్ణుడి తలనే ఎడమకాలితో తోసిందని నంది తిమ్మన రాస్తే మనవాళ్ళు ముక్కున వేలేసుకోలేదు, తరతరాలు చదువుకున్నారు. ఇంకో సంగతి, క్షేత్రయ్య మగవాడైనట్టే నీ పాట రాసింది కూడా ఇద్దరు మగవాళ్ళు, జోష్ కియర్, క్రిస్ టాంప్‌కిన్స్. 2008లో ఉత్తమ కంట్రీ పాటగా వాళ్ళకి గ్రామీ వచ్చింది, పాడినందుకు క్యారీకీ వచ్చింది. మోసపోయిన ఆడదాని కోపాన్ని మగవాళ్ళు రాయడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా ఒకటే నాకు కనబడింది. మన ఖండిత అతని ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. ‘రా, ఇలా వెలుగులోకి రా, ఈ మచ్చేమిటి’ అంటుంది. క్యారీ పాటలో అమ్మాయి అతను లేని చోట, అతని వస్తువుతో మాట్లాడుతుంది. నువ్వు ఇప్పటిదాకా రెండోదానిలా ఉన్నావు. నాకు నువ్వు మొదటిదానిలా కావాలి.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి కడిగేయాలా అన్నావు. వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ పాటలో నాకు నచ్చని భాగం అదే. మోసం చేసింది అతనైతే చరణాల్లో సగం తిట్లు ఆ అమ్మాయి జుట్టు రంగుకి, తాగే మందుకి, పాడే పాటకి. కంట్రీ పాటల్లో ఇది పాత అలవాటు. లొరెటా లిన్ అని ఒక గాయని, కెంటకీ బొగ్గుగని కూలీ కూతురు, 15 ఏళ్ళకే పెళ్ళయింది, భర్త తిరుగుళ్ళు భరించింది, ఆ సంగతి దాచుకోకుండా చెప్పింది కూడా. ఒకసారి కచేరీకి ముందు ఒకామె ఏడుస్తూ ఆవిడ దగ్గరికి వచ్చి, నా మొగుడు ఆ పిల్లని వెంటేసుకుని ఇక్కడికే వచ్చాడు అందట. లొరెటా తొంగి చూసి, నీ మొగుణ్ణి లాక్కునేంత ఆడది కాదులే అది అని ఓదార్చిందట. ఆ మాటే పాటై 1966లో కంట్రీ పట్టికలో రెండో స్థానానికి వెళ్ళింది. నాకు లొరెటా అంటే చాలా ఇష్టం. ఎవరో రాసిచ్చింది కాకుండా తన బతుకు తను రాసుకున్న మనిషి. కానీ ఆ పాటలో కూడా వేలు ఆ రెండో ఆడదాని వైపే చూపిస్తుంది, మొగుడు పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. ఇద్దరాడవాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో మగవాడు బహుమతిలా మిగులుతాడు. ఏడాదిపాటు నిన్ను మోసం చేసినవాడు బహుమతి ఎలా అవుతాడు చెప్పు.

ఇంకా వెనక్కి వెళ్తే 1952లో కిట్టీ వెల్స్ అనే గాయని ఉంది. అప్పటికామెకి 32 ఏళ్ళు, పిల్లలున్నారు, రికార్డింగుకి ఇచ్చే 125 డాలర్ల కోసం వెళ్ళి ‘ఇట్ వజంట్ గాడ్ హూ మేడ్ హాంకీ టాంక్ ఏంజెల్స్’ అనే పాట పాడింది. నన్ను వదిలేసి బార్ల పాలైన ఆడది అంటూ హాంక్ థాంప్సన్ పాడిన పాట అప్పట్లో దేశమంతా మోగుతోంది. దానికి ఇది జవాబు. ఇలాంటి ఆడవాళ్ళని తయారుచేసింది దేవుడు కాదు, పెళ్ళయ్యాక కూడా బ్రహ్మచారుల్లా తిరిగే మగవాళ్ళు అని. గొంతు పెంచదు, తిట్టదు, తలెత్తి నెమ్మదిగా పాడుతుంది. ఎన్‌బీసీ రేడియో ఆ పాటని ఆపింది. అయినా బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళిన తొలి సోలో గాయని ఆమే అయింది. వేలు ఎటు చూపించాలో అటే చూపించిన పాట అది. వీలైతే ఈ వారం ఒకసారి విను.

నీ పాటలో కూడా ఒక్క చోట ఆ చూపుంది. చివర్లో సంగీతం తగ్గి, తర్వాత వచ్చే అమ్మాయికి కాస్త కష్టం తప్పించానేమో అంటుంది. పాట మొత్తంలో మెత్తటి మాట అదొక్కటే. ఇర్వింగ్‌లో ఆ అమ్మాయికి నువ్వున్నావని తెలీదన్నావు కదా. ఆమె కూడా మోసపోతున్న మనిషే. అతనితో నీ మాట ముగిశాక, కోపం కొంచెం దిగాక, మనసొప్పితే నాలుగు లైన్ల మెసేజీ పెట్టు. ‘ఫలానా ఏడాది నుంచి మేమిద్దరం కలిసి ఉన్నాం, మాఘంలో నిశ్చితార్థం అనుకున్నారు, మీకు తెలియాలని చెబుతున్నాను.’ అంతవరకే. జవాబు రాకపోయినా బాధపడకు. మనసొప్పకపోతే అదీ వద్దు, అది నీ బాధ్యత కాదు.

అతనితో మాత్రం మాట్లాడి తీరాలి. పార్కింగ్‌లో వద్దు, రాత్రి వద్దు, ఇర్వింగ్ వెళ్ళొద్దు. పగటిపూట ఫోన్లో, మీ ఇంట్లో కూర్చుని, పక్కన నమ్మకమైన స్నేహితురాలు ఉండగా. ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకో. నాకు తెలిసింది, ఎలా తెలిసిందో ఇది, నిశ్చితార్థం లేదు, మా ఇంట్లో నేను చెబుతాను, మీ ఇంట్లో నువ్వు చెప్పు. తర్వాత కారు సంగతి. అతను ఏడుస్తాడు, ఒట్లు వేస్తాడు, తప్పు నీదే అనేలా తిప్పుతాడు, మూడూ వరసగా కూడా రావచ్చు. నువ్వు కాగితం చూసి చదువు. ఇన్నేళ్ళ ప్రేమకి కాగితమా అనిపిస్తుంది, తెలుసు. గొంతు వణికేటప్పుడు కాగితం చేతిలో ఉంటే ఎంత ఆసరాగా ఉంటుందో అప్పుడు చూస్తావు.

కారు లోను విషయం ఆలస్యం చెయ్యకు, దాన్ని ప్రేమ లెక్కల్లో కలపకు. అతను వాయిదా కట్టకపోతే అప్పిచ్చినవాళ్ళు నిన్నే అడుగుతారు, నీ క్రెడిట్ స్కోరే పడుతుంది. ఇవాళే వాళ్ళకి ఫోన్ చేసి వాయిదాలు సరిగ్గా కడుతున్నాడా, కో-సైనర్ పేరు తీసేసే వీలు ఒప్పందంలో ఉందా అని అడుగు. లేకపోతే అతను తన పేరు మీద రీఫైనాన్స్ చేసుకోవాలి. ఆ మాట, గడువు తేదీ వేసి, మెయిల్‌లో రాసి పంపు. ఆ సీటు మీద చెక్కడం కన్నా ఈ కాగితం మీంచి నీ పేరు తీయించుకోవడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చు, విసుగొస్తుంది. వదలకు.

పాట మంచి చేస్తోందా, చెడా? మొదట్లో మంచే చేసిందనుకుంటాను. నీకు మాట రానప్పుడు నీ బదులు అది అరిచింది. కానీ దాని నిడివి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అంతలో కోపం పుట్టాలి, పెరగాలి, తీరిపోవాలి. తెల్లారి ఏమైందో చెప్పక్కర్లేదు. నువ్వు దాన్ని రిపీట్‌లో పెట్టి గంటల తరబడి వింటున్నావు, అందుకే నీ కోపం తీరే చోటికి రాకుండా మళ్ళీ మళ్ళీ ఆ మొదటి ‘ఈ క్షణాన బహుశా’ దగ్గరికే పోతోంది. మానెయ్యమని అనను. రాత్రి ఒంటరిగా కారులో మాత్రం పెట్టకు. అది పదిమందితో కలిసి గొంతెత్తి పాడే పాట. ఆ హెడ్‌లైట్ల మాట వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా బల్ల మీద గుద్దుతూ ఒక్కసారిగా పాడటం నేను ఒక కారియోకీలో చూశాను. అరవై దాటిన ఒక పెద్దావిడ అందరికన్నా గట్టిగా పాడింది, పాట అయ్యాక కళ్ళు తుడుచుకుని, పక్కనున్నామె భుజం మీద చెయ్యేసి నవ్వింది. ఆమె కథేమిటో నేనడగలేదు. ఆ చెయ్యి పడ్డ భుజం లాంటిది నీ పక్కన కూడా ఒకటి ఉండాలి. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా డాక్టర్ని కలువు. ఏ రాత్రయినా బతుకు మీదే విరక్తి పుడితే 988కి ఫోన్ చెయ్యి, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు పలుకుతారు.

చివరికి అమ్మ. ‘ఎప్పుడూ ఆ అరుపులేనా’ అన్న మాటలో ‘ఎప్పుడూ’ అన్నది గమనించావా? ఆవిడ లెక్కపెడుతోంది. రెండు నెలలుగా కూతురు ఒకే పాట వింటోందని ఆవిడకి తెలుసు, ఎందుకో తెలీదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడి పాట మీద విసుక్కుంటోంది. నిశ్చితార్థం మాట ఊళ్ళో ఎవరెవరికి చెప్పారో, పరువేమవుతుందో అని నువ్వు భయపడుతున్నావు. ఆ భయం ఆవిడకీ వస్తుంది, ఒక పూట ఏడుస్తుంది, నాన్నగారికి ఎలా చెప్పాలా అని తల పట్టుకుంటుంది. అది ఆవిడ పడాల్సిన కష్టమే, పడనివ్వు.

శనివారం పొద్దున నీకు తొమ్మిదైతే ఆవిడకి రాత్రి భోజనాలయిపోయి ఉంటాయి. అప్పుడు కాల్ చెయ్యి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పాటతోనే మొదలుపెట్టు. ‘అమ్మా, ఆ అరుపులేంటో చెప్తాను విను’ అని మొదటి చరణం తెలుగులో చెప్పు. ‘బహుశా’ దగ్గరికి వచ్చేసరికి ఆవిడే ఆపి, ఏమైందమ్మా అంటుంది.